యాదన్నా, నీ పద్ధతే ఉంచారు

యాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మాదాపూర్ ఆఫీసులో నీ ఖాళీ కుర్చీ పక్కనే ఇంకా కూర్చుంటున్నాను.

ఒకే కంప్యూటర్ లోపల మరో రెండు కంప్యూటర్లను నడిపించే మన ప్రోగ్రామ్‌ను ఇవాళ మధ్యాహ్నం కొనేవాళ్లకు చూపించాం. కుదరకపోతే ఈ పని మూసేస్తామని మేనేజర్ ముందే చెప్పేశాడు.

ఈ ఏడాదంతా మెమరీ గొడవతోనే సరిపోయింది. లోపలి కంప్యూటర్ అడిగిన పేజీ, అంటే సమాచారపు ముక్క, మెమరీలో లేకపోతే, దాన్ని కాస్త ఆపి, డిస్కు నుంచి ఆ పేజీ తెచ్చిపెట్టి, ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపించాలనేవాడివి. అది తేలే పని కాదని అందరూ వదిలేశారు. నేనొక్కణ్నే పట్టుకుని వేలాడాను.

ఇవాళ చూపిస్తుండగానే మెమరీ నిండిపోయింది. చోటు చాలని పేజీలను నీ పద్ధతే డిస్కు నుంచి తెచ్చిపెడుతూ వచ్చింది. తెర మీద ఏదీ ఆగిపోలేదు. లోపల ఏం జరిగిందో వచ్చినవాళ్లకు తెలియనే లేదు.

"ఇగ యాదగిరి పద్ధతే ఉంచుదాం" అన్నాడు మేనేజర్.

సాయంత్రం హఫీజ్‌పేట్‌లో మీ ఇంటికి వెళ్లి వదినకు ఈ సంగతి చెప్పాను.

"ఇంతకీ ఆయన చేసింది ఏంది తమ్మీ?" అని అడిగింది.

"లోపల నడిచేదానికి ఏం తక్కువైనా, దానికి తెల్వకుండనే తెచ్చిపెట్టుడు వదినా."

ఆమె స్టవ్ మీద చాయ్ పెట్టింది.

"ఇంట్ల గూడ గట్లనే చేసిండు. ఏం తక్కువున్నదో నాకు ఎన్నడు తెల్వనియ్యలే. ఇప్పుడు తెలుస్తున్నది" అంది.

ఆమె పోసిన చాయ్ తాగి వచ్చేశానన్నా. బాగా అలసిపోయాను.