చెల్లి మెడలో నా పతకం

బూకా దీవి నుంచి

కోనియో,

ఈసారి చెల్లీ అని రాయడానికి మనసు రావడం లేదు.

వంద మీటర్ల పరుగులో మొదట వచ్చింది నేను, నాలుగో స్థానం నీది. ఫోటో తీసేవాడు నాతో "పక్కకి జరుగమ్మా, నీ మొహం మీద వెలుతురు నిలవట్లేదు" అంటే అందరూ నవ్వారు. నువ్వొక్కదానివే "మా అక్క లేకుండా నేను నిలబడను" అన్నావు. అందుకే "మా అమ్మకి చూపించి రేపిచ్చేస్తానక్కా" అనగానే పతకం తీసి నీ మెడలో వేశాను.

నిన్న మా మార్కెట్ గోడకి చేపల డబ్బాల కంపెనీ ప్రకటన బొమ్మ కట్టారు. అందులో నువ్వు, నీ మెడలో నా పతకం, కింద "మన బంగారు పరుగు" అన్న అక్షరాలు.

వాళ్ళకి నల్లమొహం వద్దు, అది నాకు కొత్త కాదు. ఆ పతకం ఎవరిదో నువ్వైనా చెప్పలేదేం?

మా అమ్మ ఆ బొమ్మ చూసి "ఆ పెద్దదీవి ఎర్రతోలు పిల్లని నమ్మొద్దంటే నామీదికి లేచావు కదే" అంది. నీకోసం అమ్మతో వారం మాట్లాడలేదు నేను. చివరికి తనే మెత్తబడి నీకు బిలుమ్ సంచి అల్లి పంపింది.

పతకం ఉంచుకో, ఇంకోటి గెలుచుకుంటాను. ఆ సంచి మాత్రం తిప్పి పంపించు. మా అమ్మ కూతుళ్ళకే అల్లుతుంది. ఇప్పుడు తనకి నేనొక్కదాన్నే.