చిందకుండా పోసిన నీళ్ళు

నవంబర్ 7, శుక్రవారం

మనవాళ్ళ సంఘం నుంచి ఫోన్. ఆదివారం కార్తీక వనభోజనాలట. మన కులం కుటుంబాలన్నీ తప్పక రావాలట. 'ఉసిరిచెట్టు కిందే కదా, ఆ చెట్టు ఏ కులమో కనుక్కుని చెప్పండి, అప్పుడొస్తాను' అన్నాను. అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు.

మేఘన పక్కనే ఉంది. పడీ పడీ నవ్వింది. "అవ్వా, నువ్వు మామూలుదానివి కాదు పో." డిగ్రీ చదివే మనవరాలి చేత మెప్పు... పెన్షన్ పడిన రోజు కూడా ఇంత సంతోషం ఉండదు. దాచుకోవడం దేనికి, ఇక్కడ చూసేదెవరు.

మన వనభోజనం మనమే చేసుకుందామని తేలింది. తలకోన. కొడుకు రఘు కారు, కోడలు కవిత పులిహోర, నా ఊరిబిండి పచ్చడి. మోకాళ్ళు వద్దంటున్నాయి. వాటి మాట వింటే నేను వీధి గుమ్మం కూడా దాటలేను.

నవంబర్ 8, శనివారం

బుట్ట సర్దాను. విస్తరాకులు, నీళ్ళ క్యాను, నా మరచెంబు, స్టీలు గ్లాసులు ఆరు. "నలుగురికి ఆరెందుకత్తా?" — కవిత. అడవిలో ఎవరో ఒకరు తోడవుతారు, ఉండనీ అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

తలకోన పోయి వచ్చాం. జలపాతం బాగుంది. కోతులు ఎక్కువ. కాళ్ళ నొప్పులు. వేరే రాయడానికేమీ లేదు.

నవంబర్ 10, సోమవారం

నిన్న రాసింది అబద్ధం. ముప్పై రెండేళ్ళు సోషల్ పాఠం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, నా డైరీలో నేనే దొంగ హాజరు వేసుకున్నాను.

జరిగింది జరిగినట్టు —

దారి చూపడానికి పెంచలయ్య వచ్చాడు. అడవి అంచున యానాదుల కాలనీ మనిషి. అరవై దాటి ఉంటాయి, కాళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళవి. నాకు కర్ర నరికి ఇచ్చాడు, పిడి దగ్గర గరుకు లేకుండా చెక్కి మరీ. "బిరబిరా పోవద్దమ్మా, పాచి పట్టుండాది. కాలు ఈడ పెట్టండి, ఆడ గాదు." చెట్ల మీద మైళ్ళకొద్దీ పాకిన ఆ పెద్ద తీగ చూపించి, దీని మొదలు యాడుండాదో మా తాతకే తెలీదమ్మా అన్నాడు. మా బంధువుల తగాదాల లాగా అన్నాను. ఆగి, కర్ర మీద వాలి నవ్వాడు. నాకు నచ్చాడు.

రాళ్ళు దాటేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను. రెండుసార్లు, గట్టిగా. పడతానన్న భయం ఉన్నప్పుడు నా చేతికి ఏ పట్టింపూ రాలేదు. ఇది ముందు రాసుకోవాలి, ఎందుకంటే తర్వాతది దీని పక్కన పెట్టి చూడాలి.

భోజనాలు. అందరికీ ఆకులే. ఆయనకూ కవిత ఆకు నిండా పెట్టింది. తీసుకుని దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని నేను చెప్పలేదు. ఇక్కడికి రమ్మనీ చెప్పలేదు. తిన్నాక వచ్చాడు — "అమ్మా, రవ్వన్ని నీళ్ళు." నేను మరచెంబు ఎత్తాను. ఆయన గొంతుక్కూర్చుని దోసిలి నోటికి పెట్టాడు. పోశాను. సన్నటి ధార, పైనించి. తాగి, మూతి తుడుచుకుని, "సల్లగుండాయమ్మా" అని పోయాడు.

అంతే. రఘు ఫోన్‌లో ఉన్నాడు, కవిత కోతులను తోలుతోంది. ఎవరికీ ఏమీ పట్టలేదు. నాకూ పట్టలేదు — మేఘన ముఖం చూసేదాకా.

తిరిగొచ్చేటప్పుడు భాకరాపేట ఘాటు అంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఇంటి ముందు దిగేటప్పుడు ఒక్క మాట. "గ్లాసులు రెండు మిగిలినాయి గదా అవ్వా."

నవంబర్ 11, మంగళవారం

మేఘనతో వాదించాను. నోరుంది కదా.

ఆయనే ముందు దోసిలి పట్టినాడు, నేనేం చేసేది అన్నాను. "నువ్వు చెంబు ఎత్తినాక పట్టినాడు." నీకేం తెలుసు అన్నాను. "నేను చూస్తానే ఉండా." కరోనా వచ్చి పోయాక ఎవరి ఎంగిలి ఎవరూ తాగకూడదే, అది శుభ్రత అన్నాను. "అట్లయితే నాన్నకు కూడా దోసిట్లోనే పోసుండాల."

తర్కం నేర్పింది నేనే. ఎదురు ప్రశ్న వెయ్యడం, అవతలివాళ్ళ సాకును వాళ్ళ నోటితోనే కొట్టడం... చిన్నప్పటి నుంచీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాను. ఫలితం బాగా వచ్చింది.

అయినా ఆయనే ముందు పట్టాడు. నాకు బాగా గుర్తు.

నవంబర్ 12, బుధవారం

నా ఫోన్‌కు వీడియో వచ్చింది. ఒక కోతి పులిహోర ఎత్తుకుపోతుంటే మేఘన తీసిందట. కోతి ఒక పక్క. ఇంకో పక్క నేను.

ఆయన వస్తాడు, అడుగుతాడు. నిలబడి ఉంటాడు, చేతులు కిందే. నా చెయ్యి గ్లాసుల దొంతర వైపు పోతుంది. చూస్తూ నాకే ఆశ పుట్టింది — తియ్యి, ఒకటి తియ్యి అని. చెయ్యి ఆ దొంతరను జానెడు పక్కకు జరిపింది. వెనకున్న మరచెంబు తీసింది. ఎత్తింది. అప్పుడు కూర్చున్నాడాయన. అప్పుడు పట్టాడు దోసిలి.

నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ జరిపాను.

'ఇంకెవరికైనా పంపినావా?' అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి కూడా రాసుకోవాలి.

నవంబర్ 13, గురువారం

ఈ విద్య ఎక్కడ నేర్చానో ఉదయం కాఫీ దగ్గర గుర్తొచ్చింది. బంగారుపాళ్యంలో మా తోట. మామిడికాయ కోతల రోజులు. కూలీలు వరసగా వంగి నిలబడితే అమ్మ చెంబుతో పోసేది. నాకు ఎనిమిదో తొమ్మిదో. నేనూ పోస్తానని ఏడిస్తే నేర్పింది — మణికట్టు వంచు, చెంబు వంచొద్దు. మనిషి మింగే దాన్ని బట్టి ధార సన్నం చెయ్యి. ఒక్క రోజులో పట్టేశాను. "నా కూతురు పోస్తే సుక్క సిందదు" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాయన కూడా చూసి మెచ్చుకున్నాడు. బడిలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అంత మెచ్చుకోలేదు.

తర్వాత బి.ఎ., బి.ఎడ్., ఉద్యోగం. అస్పృశ్యత నేరమని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పిల్లల చేత చదివించడం. గీత గీసింది కూడా ఈ చెయ్యే. ఒకే చెయ్యి, రెండు విద్యలు. ఒకటి మరిచిపోయిందనుకున్నాను.

నవంబర్ 15, శనివారం

పూతలపట్టు బడి నుంచి ఫోన్. ఇరవై ఆరున రాజ్యాంగ దినోత్సవం, పాత హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి నాలుగు మాటలు చెప్పాలట. గొంతు బాగాలేదన్నాను.

గొంతు బాగానే ఉంది.

నవంబర్ 17, సోమవారం

పెంచలయ్యకు క్షమాపణ చెప్పాలి. మేఘనతో అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. పుస్తకం మూసి అడిగింది — "ఎవరికోసం పోతా ఉండావు అవ్వా? ఆయన కోసమా, నాకోసమా?"

శాలువా ఒకటి కొందామా అన్నాను. "సన్మానమా?" అంది.

ఈ నోరు నాదే. ఎదుటివాళ్ళకు ఎలా తగులుతుందో ఇన్నేళ్ళకు తెలిసింది.

నవంబర్ 20, గురువారం

అమావాస్య. కార్తీకం అయిపోయింది. మనవాళ్ళ వనభోజనాల ఫొటోలు వాట్సప్‌లో వచ్చాయి. ఉసిరిచెట్టు కింద బ్యానరు, కులం పేరు పెద్దక్షరాల్లో. వెక్కిరిద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కింద పెట్టేశాను.

నవంబర్ 23, ఆదివారం

పోయి వచ్చాం. నేనూ మేఘనా. రఘు కారిచ్చాడు, పిల్ల నడిపింది. దారంతా వాక్యం బట్టీ పెట్టాను — ఆ రోజు గ్లాసులుండి కూడా నీకు దోసిట్లో పోశాను, అది తప్పు, నన్ను క్షమించు. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్నాయి.

కాలనీలో చివరి ఇల్లు. పెంచలయ్య పరుగున వచ్చాడు. భార్య రవణమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో రెండుసార్లు తుడిచి వేసింది. వసారాలో మట్టికుండ, దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. కుర్చీలో కూర్చుంటే సరిగ్గా ఎదురుగా.

మొదలుపెట్టాను. "పెంచలయ్యా, ఆ పొద్దు నీకు నీళ్ళు పోసినానే..."

"మరిసిపోతానా అమ్మా" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "రవణమ్మా, సెప్పలా నీకు, ఈయమ్మే. సుక్క ముక్కులోకి పోలా, సొక్కా తడవలా. ఇప్పుడొచ్చేవోళ్ళకు పోసేది యాడ తెలుస్తాదమ్మా, మొగమంతా కొడతారు. మీది పాతకాలం చెయ్యి."

రవణమ్మ నా చేతి వంక చూసింది, మెచ్చుకోలుగా. అమ్మ మెచ్చుకున్నట్టే.

నా వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఇంకా పోసేవాళ్ళున్నారన్నమాట. ఇప్పటికీ ఆయన దోసిలి పడుతూనే ఉన్నాడన్నమాట, వాళ్ళల్లో నాకు మొదటి ర్యాంకు ఇచ్చాడు.

సరే, నోటితో కానిది చేతలతో చేద్దామని ఇంకో ఉపాయం. అది కూడా ముందే అనుకుని వచ్చిందే, దాచను. "రవణమ్మా, కొంచెం నీళ్ళియ్యి" అన్నాను. ఆమె కుండ వైపు కదలలేదు. మొగుడి వైపు చూసింది. ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఒక్క నిమిసం అమ్మా."

"కుండలో ఉండాయి గదా తాతా" — మేఘన.

"అయ్యి మీరు తాగే నీళ్ళు గాదులేమ్మా" అని నవ్వుతూ పోయాడు. అంగడి రోడ్డు మీద ఉంది. ఎండలో పోయి, సీలున్న నీళ్ళ సీసా తెచ్చాడు. చల్లది. భుజం మీది తువ్వాలుతో తుడిచి, అడుగు భాగం పట్టుకుని అందించాడు, పైభాగం నాకు వదిలేసి. వేలికి వేలు తగలకుండా. రాళ్ళ మీద పట్టుకున్న అదే చెయ్యి. ఆయనా ఎక్కడో నేర్చుకున్నాడు ఆ విద్య. చిన్నప్పుడే, నాలాగే.

అప్పుడు మేఘన లేచింది. పోయి గ్లాసు తీసి, మూత జరిపి, కుండలో ముంచి తాగింది. ఇంకోసారి ముంచింది. "తియ్యగుండాయి అవ్వా" అంది రవణమ్మతో. రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గ్లాసు ఇంకా పిల్ల చేతిలోనే ఉంది. నా వైపు చూసింది. చూపు కాదది, ఖాళీ గ్లాసు చాపినట్టే.

నేను సీసా మూత తిప్పాను. సీలు తెగిన చప్పుడు. ఆ చప్పుడుకు లోపల ఏదో నెమ్మదించింది. హమ్మయ్య అనుకుంది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, బెల్లు కొట్టాక వచ్చే పిల్లలా తల వంచుకుని.

తాగాను. దాహమే మరి.

"మళ్ళీ రాండమ్మా. ఈ తూరి పై గుండం దాకా పిలుసకపోతా" అన్నాడు కారు దాకా వచ్చి.

దారిలో మేఘన తిడుతుందని చూశాను. తిట్టలేదు. సగం దూరం వచ్చాక, మెల్లగా — "మోకాళ్ళు నొప్పి చేసినాయా అవ్వా, లేవలేకపోతివి?"

సాకు తనే అందించింది. అడుగు భాగం పట్టుకుని.

అవునన్నాను.

నవంబర్ 24, సోమవారం

కుర్చీ నుంచి కుండకు నాలుగడుగులు. జలపాతం దాకా ఎక్కిన మోకాళ్ళివి.

నవంబర్ 26, బుధవారం

ఈ రోజు బడిలో ఎవరో మాట్లాడి ఉంటారు.

నవంబర్ 28, శుక్రవారం

సీసా నా బల్ల మీదే ఉంది, సగం నీళ్ళతో. తులసికి పోసెయ్యనా అత్తా అని కవిత అడిగింది. ఉండనీ అన్నాను. ఎందుకని అడగలేదు.

మేఘన ఆదివారం మళ్ళీ పోతోంది, స్నేహితురాళ్ళతో. పెంచలయ్యకు ఫోన్ చేసి చెప్పిందట. స్పీకర్‌లో ఆయన గొంతు నాకూ వినబడింది. "పెద్దమ్మ గూడా వస్తాదా? వస్తే సెప్పు పాపా, సీసా తెచ్చిపెడతా."

ఫోన్ పెట్టేసి నా గుమ్మంలో నిలబడింది. ఒకటే మాట అడిగింది. "కార్లో నీకు సీటు పెట్టాల్నా, వద్దా? ఈ పొద్దే చెప్పల్ల."

పోతే కుర్చీలో కూర్చోకూడదు. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే నేరుగా కుండ దగ్గరికే పోవాలి, ఆయన చెప్పులు తొడుక్కునే లోపల. నాలుగడుగులు. గ్లాసు నేనే తియ్యాలి. నిన్నటి నుంచీ ఈ గదిలోనే మంచం నుంచి కిటికీ దాకా నడిచి చూస్తున్నాను, సరిగ్గా నాలుగే. కిటికీ దగ్గర చెయ్యి చాపడం కూడా చూశాను. చాపుతోంది. ఇక్కడ చాపుతుంది, ఇక్కడ కుండ లేదు.

"అవ్వా, నిన్నే."

రేపన్నది జవాబు కాదని ముప్పై రెండేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని.

రేపు చెప్తాలే అన్నాను.