పై వాటా అద్దెకు

మంగళవారం, రాత్రి

అమెరికాలో ఒక నల్లజాతి ఆవిడ రాసుకున్న జీవితకథ చదువుతున్నాను. రంగు చూసి వాళ్ల నాన్నకి ఇల్లు అద్దెకివ్వని చోట పొద్దున ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం మా పై వాటా చూడటానికి గన్నవరం నుంచి ఒక నర్సమ్మాయి వచ్చింది. ఇల్లు నచ్చిందంది. నేను అలవాటుగా, "ఇంటిపేరేంటమ్మా?" అన్నాను. చెప్పింది. కులం తెలిసిపోయింది.

"నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్సిచ్చారమ్మా," అన్నాను. ఎవరూ ఇవ్వలేదు.

గేటు దగ్గర ఆగి, "అయితే టులెట్ బోర్డు తీసెయ్యండి ఆంటీ. ఇంకెవరూ ఎండలో పడి రాకుండా ఉంటారు," అంది. గొంతులో కోపం కూడా లేదు.

ఇందాక ఆ పేజీ మళ్లీ తీశాను. అందులో ఇంటావిడ కూడా అదే చెప్పింది, ఇల్లు నిన్ననే అయిపోయిందని. పక్కన పెన్సిలుతో "సిగ్గులేని మనిషి" అని ఉంది. నా చేతిరాతే.