ఎవరి తాలూకా

మణీ,

నిన్న మీ కాలేజీ కొత్త బిల్డింగులు చూడ్డానికి కుటుంబాలన్నిటినీ రమ్మన్నారు. వానొస్తే ఆ కారే రేకుల షెడ్డులో గొడుగేసుకుని పాఠాలు విన్నదానివి కదా, నీ బదులు నేనైనా చూసొద్దామని వెళ్ళాను.

గేటు దగ్గర పేర్లు రాసుకుంటున్న అమ్మాయి "ఎవరి తాలూకా అండీ?" అంది. నీ పేరు చెప్పేశాను. ఫైనలియర్ బీఎస్సీ అన్నాను. ఈ ఏడు నువ్వు ఫైనలియర్‌లో ఉండాలిగా. లిస్టు రెండుసార్లు వెతికింది.

"కనబడట్లేదండీ. సెలవులో ఉందాండీ?"

"అవునమ్మా, జ్వరం."

ఆ జ్వరంతోనే నువ్వు పోయి పది నెలలైందన్న మాట నా నోటికి రాలేదు. ఆ పిల్ల ఓ కాగితం మీద 'నాగమణి తాలూకా' అని రాసి నా చీరకు పిన్ను పెట్టింది. "తగ్గాక తీసుకురండి, ల్యాబు చాలా బావుందండీ" అంది.

బావుంది. కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, వాచ్‌మన్ వచ్చి "మూసేస్తున్నామండీ" అనేదాకా లేవలేదు.

ఇంటికొచ్చినా ఆ కాగితం తియ్యలేదు. పొద్దున స్నానం కూడా చెయ్యలేదు. మీ నాన్న ముందే పోయారు. ఇదీ తీసేస్తే నేనింకెవరి తాలూకానే, మణీ?

అమ్మ