పెట్టె పట్టని సందు

నాచారంలో చర్చి వెనుక సందులో కాపురముంటున్న పాపమ్మ, అనగా ప్రభువునందు నిద్రించిన రైల్వే గ్యాంగుమన్ నర్సయ్య భార్యనైన నేను, నా కొడుకులు సామ్యేలు, అబ్బయ్యలకూ, కోడళ్లు లూర్దమ్మ, విక్టోరియాలకూ తెలిసేటట్టు రాయించిన వీలునామా.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే ఉప్పల్ దస్తావేజుల పంతులు రామ్మోహనరావు గారు రాస్తున్నారు. నా మాటకు తన మాట అతికించవద్దని ముందే చెప్పాను. నా కడుపులో గడ్డ ఉందని దవాఖానాలో అన్నారు. అది తల దాకా రాలేదు. నిన్న గంజిలో ఉప్పు తక్కువైందని చెప్పి లూర్దమ్మ చేత మళ్లీ వేయించుకున్నాను. ఆ మాత్రం తెలివి చాలునని పంతులు గారు ఒప్పుకున్నారు. నన్ను ఎవరూ బెదిరించలేదు. బెదిరించగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన లాలాపేట సమాధుల తోటలో పడుకున్నాడు.

1. ఇంటి సంగతి. ఈ జాగా నర్సయ్య జీతంతో కొన్నది కాదు. నాచారంలో ఫ్యాక్టరీలు లేచేటప్పుడు తట్టలతో ఇటుకలు మోసి నేను కొన్నాను. పట్టా నా పేరునే ఉంది. రెండు గదులు, ముందు వాకిలి, వాకిట్లో జామచెట్టు. చెట్టు ఎవరి వైపు ఉందని రాయాలని పంతులు గారు అడిగారు. నేను నాటినప్పుడు వైపులు లేవు.

వైపులు నిరుడు వచ్చాయి. తెలంగాణ కొట్లాటలో ఊరంతా రెండైంది. సామ్యేలు ఉప్పల్ చౌరస్తాలో జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీలో వాడికి రావలసిన పని, ఇక్కడివాణ్ణేనని దొంగ ముల్కీ కాగితం తెచ్చిన మనిషికి పోయింది. ఆ మంట న్యాయమైనదే. కాదన్నవాళ్లను నేనే వాకిట్లోంచి వెళ్లగొట్టాను. కానీ అబ్బయ్య పెండ్లాం విక్టోరియా గుంటూరు పిల్ల. ఆమె ఎవరి పనీ తీసుకోలేదు. వచ్చేటప్పుడు ఒక ట్రంకు, ఒక కుట్టుమిషను తెచ్చుకుంది, అంతే.

ఒక పొద్దు గుంపు వచ్చి అబ్బయ్య గది పెంకుల మీద రాళ్లు వేసింది. ఒక రాయి పసిబిడ్డ తొట్టెలో పడింది. బిడ్డ అప్పుడు నా ఒడిలో ఉంది. గుంపులో అన్న ఉన్నాడని అబ్బయ్య అంటాడు. మరుసటి వారం పోలీసులు సామ్యేలును పట్టుకుపోయారు. పేరు చెప్పింది విక్టోరియా తండ్రేనని సామ్యేలు అంటాడు. రాయి వేసింది ఎవరో, పేరు చెప్పింది ఎవరో నాకు తెలియదు. ఇద్దరినీ బైబిలు మీద చేయి వేయమంటే చర్చి గుమ్మంలో చెప్పులు విడిచే చోటనే కొట్టుకున్నారు.

జైలు నుంచి రాగానే సామ్యేలు మేస్త్రీని పిలిచాడు. అబ్బయ్య సిమెంటు తెచ్చాడు. ఆ ఏడాదంతా నా కొడుకులు కలిసి చేసిన పని ఆ గోడ ఒక్కటే. గదుల ముందు వసారా నుంచి వాకిలి నడుమగా సందు దాకా కట్టి, పెద్ద దర్వాజా పీకేసి, చెరొక ఇరుకు దారి పెట్టుకున్నారు. భుజం వంచితే గాని మనిషి పట్టడు. “అమ్మా, నువ్వు ఎవల దిక్కుంటవ్ జెప్పు” అని సామ్యేలు అడిగాడు. “సచ్చేటోళ్ల దిక్కుంట, పోరా” అన్నాను.

కనుక ఈ ఇల్లు నా కొడుకులకు ఇవ్వడం లేదు. లూర్దమ్మకూ విక్టోరియాకూ కలిపి ఇస్తున్నాను. ఇందులో సగాలు లేవు. ఒకరి వేలిముద్ర లేకుండా ఇంకొకరు అమ్మడానికి గానీ, తాకట్టు పెట్టడానికి గానీ, కొత్త గోడ లేపడానికి గానీ వీలులేదు. నా కొడుకులు వాళ్ల వాళ్ల పెండ్లాల ఇంట్లో, పెండ్లాలు ఉండమన్నన్నాళ్లు ఉండవచ్చు.

2. ఆ గోడలో, వసారాలో నా మంచం తలాపున, ఒక ఇటుక ఊడి వస్తుంది. దాన్ని ఊడదీసింది నేను. చేతిలో సత్తువ ఉన్నప్పుడు, మగవాళ్లు పనికి పోయాక, మేకుతో గీకి తీశాను. ఈ విషయంలో కోడళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు. విక్టోరియాకు టైఫాయిడ్ వచ్చి లేవలేనప్పుడు లూర్దమ్మ ఆ కంతలో నుంచే గంజి గ్లాసు అందించింది. సామ్యేలు పని లేక కూర్చున్న నెలల్లో విక్టోరియా బియ్యం గుడ్డలో సన్నగా, పొడుగ్గా మూటకట్టి పంపింది. మామూలు మూట పట్టదు మరి. “అక్కా, మీ ఆయన ఉన్నారా?” అని విక్టోరియా అడుగుతుంది. “లేడు గని, మెల్లగ మాట్లాడు, ముసల్ది పండుకున్నది” అని లూర్దమ్మ అంటుంది. ముసల్ది పండుకోలేదు. ఆ ఇటుక గీరుకునే చప్పుడు కోసం రోజంతా చెవి ఆనించుకుని ఉండేది. ఆ చప్పుడు లేకపోతే ఈ గడ్డ కంటే ముందే నేను పోయేదాన్ని.

ఆ ఇటుకను ఇద్దరికీ ఇస్తున్నాను.

3. తొట్టెలో పడిన రాయి నా దగ్గరే ఉంది. ఏడాదిగా దానితోనే అల్లం దంచుకుంటున్నాను, మంచి రాయి. అది సామ్యేలుకు. వాడు వేయకపోతే దాన్ని చూసి వాడికి ఏమీ కాదు. వేసి ఉంటే, అల్లం దంచుకోమని నా మాట.

4. నర్సయ్య పట్టాల మీద తిరిగేటప్పుడు పట్టుకున్న చేతిలాంతరు అబ్బయ్యకు. ఎర్ర అద్దం బాగుంది, పచ్చ అద్దం పగిలింది. వాడు ఎప్పుడూ ఆగేవాడే, ముందుకు ఒక్క అడుగు వేయడు. “అన్ననే రానీ, నేనైతే పోను” అని ఏడాదిగా అంటున్నాడు. కొత్త పచ్చ అద్దం వాడే వేయించుకోవాలి.

5. నా చెవి కమ్మలు విక్టోరియా బిడ్డకు. నా ఉన్ని దుప్పటి లూర్దమ్మకు. కాళ్ల నొప్పుల మనిషి, చలి ఓర్వలేదు. నా తట్ట, దాని కింద తల మీద పెట్టుకున్న చుట్టకుదురు ఎవరికీ వద్దు, పొయ్యిలో పెట్టండి.

6. పాస్టరయ్యకు ఏమీ ఇవ్వడం లేదు. కొట్లాట తగ్గించమని ఆయన కాళ్లు పట్టుకుంటే, సామ్యేలు ఇంటివాళ్లను పొద్దుటి ఆరాధనకూ, అబ్బయ్య ఇంటివాళ్లను సాయంత్రం ఆరాధనకూ రమ్మన్నారు. గోడ కట్టడానికి మేస్త్రీ అయినా కూలి తీసుకున్నాడు, ఈయన ఊరికే కట్టారు. నా సమాధి దగ్గర ఆయన ప్రసంగం పొడుగు చేయకూడదు. ప్రార్థన చేసి కూర్చోవాలి.

7. ఇది అసలు సంగతి. గట్టిగా చదవాలి, గోడ అవతలికి వినబడాలి.

గోడ లేచాక నన్ను వంతులు వేసుకున్నారు. ఒక నెల ఇటు సామ్యేలు దగ్గర, ఒక నెల అటు అబ్బయ్య దగ్గర. ఈ నెల సామ్యేలు వంతు. మంచం ఆ దారుల్లో పట్టదు కనుక మంచాలు రెండు. నెల తిరగ్గానే ఒకడు నన్ను చేతుల మీద ఎత్తుకుని సందులోకి తెస్తాడు, అక్కడ రెండోవాడు అందుకుంటాడు. ఒకడి చేతుల్లోంచి ఇంకొకడి చేతుల్లోకి మారేటప్పుడు కొంచెంసేపు నేను ఇద్దరి చేతుల్లోనూ ఉంటాను. ఒకడి ముఖం ఇంకొకడు చూడడు. నేను మాత్రం ఇద్దరినీ చూస్తాను. ఆ కాసేపటి కోసం నెలంతా బతికాను. దేవుణ్ణి ఇంకో నెల అడిగాను, ఇంకో నెల అడిగాను. ఇక అడగలేను. నొప్పి తట్టుకోలేకపోతున్నాను.

పోయిన నెల మార్పిడిలో సామ్యేలు నన్ను వదులుతూ తమ్ముడితో “మెల్లగ, తల తాకుతది” అన్నాడు. ఏడాదిలో వాడు అబ్బయ్యతో అన్న మాట అదొక్కటే. అబ్బయ్య “ఊఁ” అన్నాడు. నాకు అది చాలదు.

మా తాతలు పాడె మీద పోయారు. పాడెనైతే పక్కకు వంచి ఎంత ఇరుకులోనైనా తీసుకుపోవచ్చు. ప్రభువును నమ్ముకున్నాక మేము పెట్టెలో పోతున్నాము. పెట్టె వంగదు. గోడ కట్టినప్పుడు నా కొడుకులకు బియ్యం బస్తా గుర్తుంది, సైకిలు గుర్తుంది, తల్లి పెట్టె గుర్తులేదు. కట్టుబడి పనిలో బతికినదాన్ని, మొదటి వరుస పేర్చిన రోజే నేను చూశాను. చెప్పలేదు. చెబితే దారి కొంచెం వెడల్పు చేసి గోడ ఉంచుకునేవారు.

నా పెట్టె అందరి పెట్టెల మాదిరిగానే చేయించాలి, సన్నగా చేయించకూడదు. నిలబెట్టి తీయకూడదు. గోడ మీదుగా దాటించకూడదు. పెట్టె సందులో ఉంచి నన్ను చేతుల మీద మోసుకెళ్లి అందులో పెట్టవచ్చునని సామ్యేలుకు తోస్తుంది. వాడి బుర్ర నాకు తెలుసు. ఒప్పుకోను. పెట్టె ఇంట్లోకి రావాలి, నాతో బయటికి పోవాలి. గోడ పగిలే దాకా నన్ను కదపవద్దు. ఎండాకాలమైతే తొందర మీకే.

పగలగొట్టేది మేస్త్రీ కాదు, నా కొడుకులు. పెట్టె మోసేదీ వాళ్లే, తల వైపు సామ్యేలు, కాళ్ల వైపు అబ్బయ్య. ఇంటి నుంచి లాలాపేట దాకా చేతులు మారకూడదు. ఇద్దరి చేతుల్లో అంత దూరం ఉండాలని నా ఆశ. బతికుండగా దొరకలేదు.

8. దీన్ని జరిపించే బాధ్యత రామ్మోహనరావు గారిది. సాక్షులుగా నా కొడుకులనే ఉంచుదామనుకున్నాను. మొగుడు సాక్షి సంతకం చేస్తే పెండ్లానికి ఇచ్చింది చెల్లదని పంతులు గారు చెప్పారు. అందుకని సామ్యేలుతో జైలుకు పోయిన ఉప్పల్ ఉమామహేశ్వర్‌నూ, అబ్బయ్య పనిచేసే చోట పెద్దాయన, బాపట్ల నుంచి వచ్చి రామంతాపూర్‌లో ఉంటున్న సీతారామయ్య గారినీ పిలిపించాను. మంచానికి చెరొక పక్క నిలబడ్డారు. పెన్ను ఒక్కటే ఉంది. “జర ఆ పెన్ను ఇటియ్యుండ్రి సార్” అని ఉమామహేశ్వర్ అడిగాడు. సీతారామయ్య గారు ఇచ్చారు. నా మీది నుంచి అందుకున్నాడు.

ఇది చదివి వినిపించగా విని, నా మాటేనని ఒప్పుకుని, ఎడమ బొటనవేలు ముద్ర వేశాను. పక్క గోడలో ఇటుక కదిలింది. కోడళ్లిద్దరూ నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. అవతల ఉన్నది అబ్బయ్య ఒక్కడే. ఇది కూడా రాయమన్నాను.

నాచారం, 1970 నవంబరు 9, సోమవారం.

పాపమ్మ వేలిముద్ర

సాక్షులు:
ఉమామహేశ్వర్, ఉప్పల్
సీతారామయ్య, రామంతాపూర్

రాసినవారు: రామ్మోహనరావు, దస్తావేజు లేఖరి, ఉప్పల్