పిలుచువారు: మల్లయ్య

మేడ్చల్, 1948. శుక్రవారం రాత్రి.

నా హాస్యానికి నేడు మొదటి ఖైదీ దొరికాడు. ఘనత నాది, దెబ్బలు మల్లయ్యవి.

లాల్‌గడి మలక్‌పేట ఊరి మీద తుపాకులవాళ్లు పడి ధాన్యం ఎత్తుకుపోయారన్న నా వార్తను సెన్సారు దొర రెండుసార్లు కొట్టేశాడు. మూడోసారి దాన్నే పెండ్లి ప్రకటనగా రాసి పత్రికకు పంపాను. "ముప్పైమంది మగపెండ్లివారు పిలవకుండానే విచ్చేసి, గాదెలు ఖాళీ చేసి, పెండ్లికూతురి ఊసైనా ఎత్తకుండా వెళ్లిపోయిరి. బంధుమిత్రులు గమనించగలరు." దొర చదవకుండానే ముద్ర వేసి ఉంటాడు.

అయితే పిలుచువారి పేరు లేని పెండ్లి ప్రకటన ఎక్కడైనా ఉంటుందా? గాదె పోగొట్టుకున్న మల్లయ్యే, "నా పేరెయ్యి సారూ, బువ్వ పెట్టింది నేనే గద!" అని పగలబడి నవ్వాడు. వేశాను. నిన్న అచ్చయింది. ఊళ్లన్నీ నవ్వాయి. ఆ నవ్వు శామీర్‌పేట పోలీసు చౌకీ దాకా వినబడింది.

సాయంత్రం మల్లయ్య భార్య నా గదికి వచ్చింది. పొద్దున్నే అతన్ని చౌకీకి పట్టుకుపోయారట.

"గిది రాసినోడెవడని కొడుతుండ్రు సారూ. నీ పేరైతె జెప్తలేడు."

"మరి ఏమంటున్నాడమ్మా?"

"ఏమంటలేడు. నవ్వుతుండు. గదే నాకు బయమైతాంది."

తెల్లారగానే చౌకీకి పోయి, రాసింది నేనేనని చెప్పాలి. పెండ్లిళ్లకు వేసుకునే తెల్ల లాల్చీ బయటికి తీశాను. కొక్కేనికి తగిలిస్తే పొద్దుటికి మనసు మారుతుందేమోనని, తొడుక్కునే కూర్చున్నాను.