నవల ముగింపు చెప్పేసినందుకు

మంగళగిరి,
ఆగస్టు 4.

ప్రియమైన నస్రత్ అక్కకు,

తప్పు జరిగింది. చేసింది మీ షెడ్డు ఓనరు కాదు, మేస్త్రీ వీరాంజనేయులు కాదు. నువ్వు.

జీడిపప్పు షెడ్డులో అన్నాలయ్యాక మీకు అరగంట ఖాళీ ఉంటుందని, ముప్పై మంది ఆడవాళ్లకి చదివి వినిపించమని, నేను పనిచేసే ప్రెస్సులో ఓనర్ని బతిమాలి కరపత్రాలు అచ్చువేయించి పంపాను. నువ్వు చదువుతున్నదేమిటి? మొగుడూ అత్తా పెళ్లామూ ఒకరినొకరు అనుమానించుకునే సస్పెన్సు నవల! మీ షెడ్డుకి బస్తాలు తోలే అష్రఫ్ మొన్న చీరాల స్టేషన్లో కనిపించి, "మీ అక్క చదువుతుంటే ఒక్కళ్లు కిక్కురుమనరు భాయ్" అని నాకే గొప్పగా చెప్పాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దింటి పడకగదిలో ఏం జరిగిందో అని ఊపిరి బిగబట్టే మనిషి, తన షెడ్డులో ఏం జరుగుతోందో చూడదు. ఆ పుస్తకాలు రాసేది అందుకే. ఈ ముక్క నీకు పదిసార్లు చెప్పాను.

ఫోను చేస్తే అరుస్తున్నానని పెట్టేస్తున్నావు. కోపమంతా కాగితం మీద పెట్టమన్నావు కదా, పెట్టాను. జవాబు రాయి.

పీకల దాకా కోపంతో ఉన్న నీ తమ్ముడు,
కలీం

వేటపాలెం,
ఆగస్టు 9.

ఒరేయ్ కలీం, సలాం.

నీ ఉత్తరం చదివాక 'ప్రియమైన' అని రాయబుద్ధి కాలేదు.

నీ కరపత్రాలు మూడు రోజులు చదివాను. మొదటి రోజు 'పెట్టుబడిదారీ వ్యవస్థ' దగ్గర వెంకటరావమ్మ గురక పెట్టింది. రెండో రోజు ఇంకో నలుగురు. మూడో రోజు సంతోషకుమారి, "నస్రతక్కా, మీ తమ్ముడికి పెళ్లి చేసెయ్యండి, తగ్గుద్ది" అంది. అప్పుడు ఈ నవల తీశాను.

ఇందులో మాధురి అనే అమ్మాయి కళ్లజోడు, గాజులు, మందులు, ఏది ఎక్కడ పెట్టినా మాయమవుతుంటాయి. నీకు మతి పోతోంది అంటారు ఇంట్లోవాళ్లు. మావాళ్ల అభిప్రాయాలు విను. "అత్తే చేస్తంది. అంత తియ్యగా మాట్లాడే అత్తని నేనెక్కడా చూళ్లేదు" అని వెంకటరావమ్మ. "మొగుడిచ్చిన పాలు గటగటా తాగేస్తదేంటి, పిల్లికి పోసి చూడొచ్చుగా" అని సంతోషకుమారి. అర్ఫా అయితే, "అంత ఇల్లు ఊడ్చేదెవరు? దాన్నడిగితే పోలా? రాసినోడు ఎప్పుడైనా చీపురు పట్టాడా?" అని రచయితనే కడిగేసింది. పుల్లమ్మత్త ఒక్కతే, "ఆ పిల్ల నిజంగానే మర్చిపోతందేమో. నాకూ అట్టాగే ఉంది" అని ముడుచుకు కూర్చుంది.

పుల్లమ్మత్త సంగతి నీకు చెప్పలేదు. జూన్‌లో ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి పోగొట్టింది. ఆమె చేతికే ఇచ్చానంటాడు మేస్త్రీ. తీసుకున్నట్టు ఆమెకి గుర్తే లేదు. అప్పటినుంచీ బాత్రూం మూసే ఉంది. మేం పనిలో మంచినీళ్లు తాగడం మానేశాం. అందరం ఆమెనే దెప్పాం, నేను కూడా. ఇప్పుడు ఆవిడ పొయ్యి ఆపానో లేదోనని రోజూ సగం దారి నుంచి వెనక్కి వెళ్లి చూసుకుంటోంది. మతిలేని మనిషితో పని కాదు, సెప్టెంబరు ఒకటి నుంచి రావద్దన్నాడు మేస్త్రీ. అరవై రెండేళ్లది, ఒంటరిది. ఈ పని పోతే ఆమెకి ఇంకోటి దొరకదు.

నవల ఇంకా అరవై పేజీలుంది. అది అయ్యేదాకా నీ కరపత్రాలు పెట్టెలోనే ఉంటాయి. వేళకి తిను.

నీ అక్క,
నస్రత్

మంగళగిరి,
ఆగస్టు 13.

ప్రియమైన (నేను ఇంకా అంటున్నాను, చూడు) అక్కకు,

ముప్పై మంది ఆడవాళ్లు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని కూర్చోవాలా? ఒక తాళం పగలగొట్టి ఇంకోటి కొనడానికి రెండు నెలలా? ఇది వదిలేసి మీరు మాధురి గాజుల గురించి బెంగపడుతున్నారా? నాకు జుట్టు పీక్కోవాలనిపిస్తోంది.

చదవకుండా తిట్టకూడదని ఆ నవల నేనూ తెచ్చాను. ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తిచేశాను. మధ్యలో అన్నానికి లేవలేదు. అది నవల గొప్పతనం కాదు, నా కోపం.

అంతా అబద్ధం. మాధురికి ఒక్క చుట్టం లేదు, ఇరుగూ లేదు, పొరుగూ లేదు. మన వీధిలో గిన్నె కిందపడితే మూడిళ్లవాళ్లు వచ్చి ఏమైందంటారు. ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడు. తీస్తే ఎవరూ ఉండరు. పదకొండుసార్లు తీసింది ఆ పిల్ల. పాఠకుడంటే ఎంత చులకన!

ఆ అరవై పేజీలు మీకు ఇక అక్కర్లేకుండా చేస్తున్నాను. వస్తువులు దాచేది మొగుడు శివరామకృష్ణ. ఆమె వెతికినప్పుడల్లా పక్కనే ఉండి, జాలి చూపిస్తూ మంచాల కింద దూరి వెతికేవాడే దాచినవాడు. ఆమెకి మతి చెడిందని అందరూ నమ్మితే ఇల్లు తనదవుతుంది. అంతే కథ. ఇంక కరపత్రాలు తియ్యి.

తలుపు చప్పుళ్లతో విసిగిపోయిన,
కలీం

వేటపాలెం,
ఆగస్టు 20.

ఒరేయ్ పాపిష్టోడా,

నీ ఉత్తరాన్ని సంతోషకుమారి నా చేతిలోంచి లాక్కుని అందరి ముందూ పైకి చదివేసింది. ముగింపు వస్తోందని తెలిసేలోపే మొగుడి పేరు నోట్లోంచి వచ్చేసింది. ముప్పై మందీ కలిసి నిన్ను తిట్టిన తిట్లు మంగళగిరి దాకా వినపడి ఉండాలి. "ఇరవై రోజుల్నించి అత్తని తిట్టుకుంటన్నానే, ఆ కుర్రాడి నోరు పడిపోను!" అని వెంకటరావమ్మ చేతిలో టిఫిను గిన్నె విసిరేసింది.

ఆ గోలలో పుల్లమ్మత్త, "అమ్మాయ్, ఆ ముక్క మళ్లీ చదువు" అంది.

"ఏ ముక్క అత్తా?"

"పక్కనే ఉండి ఎతికినోడి ముక్క."

సంతోషకుమారి చదివింది.  పుల్లమ్మత్త, "ఆ రోజు మేస్త్రీ కూడా నాతోపాటే ఎతికాడే. గోతాలన్నీ ఎత్తి ఎత్తి చూశాడు. పెద్దదానివి, పోన్లే అని జాలిపడ్డాడు కూడాను" అంది.

 అప్పుడు అర్ఫా నోరు తెరిచింది. "పోయిన నెల పప్పు కొనే కంపెనీవాళ్లు షెడ్డు చూట్టానికి వచ్చినప్పుడు ఆ బాత్రూం నేనే కడిగా. మేస్త్రీ జేబులోంచి చెవి తీసి తెరిచాడు. కొత్త తాళం కొన్నాడేమో అనుకున్నా." అందరం లేచి వెళ్లి చూశాం. అదే పాత తాళం. తలుపుకి రంగు వేసినప్పుడు దాని మీద పడిన ఎర్ర మరకలు కూడా అలాగే ఉన్నాయి.

వాడికేం లాభమని ఎవరూ అడగలేదు. బాత్రూం మూసినప్పటినుంచీ మేం నీళ్లు తాగం, పీట మీద నుంచి లేవం, పప్పు మీద పొర తీస్తూనే ఉంటాం.

పుల్లమ్మత్త ఏడుస్తుందనుకున్నాను. "అయితే నా మతి బానే ఉందన్నమాట" అని చెంబెడు నీళ్లు గటగటా తాగింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. దెప్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని కదా.

ఓనరు ఒకటో తారీఖు పొద్దున్నే వస్తాడు. ఆ రోజుకి ఒక కాగితం రాసి పంపు. చుట్టుపక్కల షెడ్ల ఆడవాళ్లకి ముందురోజు సాయంత్రం మేమే ఇళ్లకి వెళ్లి ఇస్తాం. ఒక్కసారి చదివితే పుల్లమ్మత్తకి అర్థం కావాలి. 'వ్యవస్థ' అన్న మాట కనపడిందంటే చింపేస్తాను.

నీ అక్క,
నస్రత్

మంగళగిరి,
ఆగస్టు 24.

ప్రియమైన అక్కకు,

ఐదుసార్లు రాశాను. మొదటి నాలుగూ నువ్వు చింపేవే, నేనే చింపాను. ఐదోది మరీ చిన్నదైపోయిందని చిరాకేసింది. మళ్లీ చదివితే, కావలసినవన్నీ ఉన్నాయి.

రెండేళ్లుగా నేను రాసిన ఏ కరపత్రానికీ కదలని మనుషులు, నేను తిట్టిపోసిన నవలకి కదిలారు. ఒళ్లు మండుతోంది. అయినా నిజం కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఆ తలుపు చప్పుళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు. వెంకటరావమ్మ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

అష్రఫ్ చేత వంద కాపీలు పంపుతున్నాను. ఆ రోజు నేనూ వస్తాను. మాట్లాడను, వెనక నిలబడతాను. మాట్లాడేది పుల్లమ్మత్త.

నీ తమ్ముడు,
కలీం

ఇదీ ఆ కాగితం:

ఆడవాళ్ల బాత్రూం తాళంచెవి పుల్లమ్మ పోగొట్టలేదు. దాచింది మేస్త్రీ వీరాంజనేయులు. రెండు నెలలుగా ముప్పై మంది దాహం చంపుకుని పనిచేశారు. ఏ తప్పూ చేయని మనిషి తన మతిని తనే అనుమానించుకుంది. బాత్రూం తెరవాలి. పుల్లమ్మ పనిలో ఉండాలి. మేస్త్రీ అందరి ముందు ఆమెకి తప్పయిందని చెప్పాలి. సెప్టెంబరు ఒకటి, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకి మా షెడ్డు గేటు దగ్గరకి అందరూ రండి.